కడగని ఎండుచేపలు

ఆ రోజు పశువుల డాక్టరు నన్ను ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నాకు జవాబు తెలుసు. మొదటిసారి మాట్లాడలేదు. రెండోసారి అబద్ధం చెప్పాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా, నేను చేసింది ఊరికే నోరు మూసుకోవడమేనని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది నిజం కాదు కాబట్టి ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అరవైల మొదట్లో మైపాడుకు కొంచెం ఉత్తరాన, సముద్రం ఒడ్డునున్న ఒక పల్లెలో ఎండుచేపలు నిలవచేసే పాకలో పనికి కుదిరాను. మాది సంగం దగ్గర వరి పండించే ఇల్లు. చేపల సంగతి నాకు పెద్దగా తెలియదు. పాక యజమాని నెల్లూరులో ఉండేవాడు. కుప్పలకు పురుగు పట్టకుండా చూసుకోవడం, మూటలు కట్టించి బండెక్కించడం నా పని.

పాకను ఆనుకుని, నేను అక్కా అని పిలిచే ఒకామె ఇల్లు ఉండేది. భర్త వేటకు పోతే ఆమె ఇసుక మీద చేపలు ఎండబెట్టుకునేది. వాటికి కాపలా ఆమె కుక్క. గోధుమరంగుది, ఒక చెవి మడిచినట్టు ఉండేది. కాకుల్ని, ఊరకుక్కల్ని తరిమేది గానీ, ఎదురుగా ఎన్ని చేపలున్నా మూతి పెట్టేది కాదు. మట్టిచిప్పలో వేసి "తిను" అంటేనే తినేది. పల్లెలో అందరూ దాన్ని మెచ్చుకునేవాళ్ళు. చివరికి ఆ గుణమే ఒక మనిషి మెడకు చుట్టుకుంది.

ఆ ఏడు ముసురు విడవకుండా పట్టింది. పాకలోని సావళ్ళనే ఎండుచేపలు మెత్తబడి, కుప్పల్లో పురుగు కనిపించింది. యజమాని మనిషి వచ్చి చూసి, "ఇంకోసారి పురుగు కనపడిందంటే మూటలతో పాటు నువ్వు గూడా ఇంటికే" అని చెప్పిపోయాడు. నేను సంగం పోయి, మా వరిచేనికి చల్లే పురుగుల పొడి ఒక డబ్బానిండా తెచ్చుకున్నాను. మా వైపు దాన్ని వట్టి చేతులతో చల్లి, కాలువలో చేతులు కడుక్కుని అన్నం తినేవాళ్ళం. పురుగును తప్ప మరి దేన్నీ ఏమీ చెయ్యదని మా నమ్మకం. పైగా ఎండుచేపను ఎవరూ అట్లాగే వండరు. తల గిల్లి, వేడినీళ్ళలో నానబెట్టి, మూడు నాలుగుసార్లు రుద్ది కడుగుతారు. పొడి ఉన్నా పోతుందిలే అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా కుప్పల మీద పొరలు పొరలుగా చల్లాను.

మూటలు కట్టిన తర్వాత చాపల మీద విరిగిన తలలు, తోకలు, పొట్టు మిగిలేవి. అవి చుట్టుపక్కల కుక్కలకూ కోళ్ళకూ చెందడం అక్కడి వాడుక. మూటలు పోయిన మర్నాడు పొద్దున నేను చాపలు దులిపి, రెండు దోసిళ్ళు కుక్క చిప్పలో పోసి "తిను" అన్నాను. చల్లిన పొడిలో చాలా భాగం ఆ చాపల మీదికే దిగి ఉంటుందని, కుక్కకు ఎవరూ చేపలు కడిగి పెట్టరని, నాకు అప్పుడు తట్టలేదు. అది చిప్ప నాకి నాకి తిన్నది.

ఎండ ఎక్కేసరికి అక్క కేక విన్నాను. కుక్క నోటివెంట చొంగ కారుతోంది. ఒంటి మీద చర్మం అలలు అలలుగా అదురుతోంది. లేచి నాలుగడుగులు వేసి ముందుకాళ్ళ మీద కూలబడింది. చిప్ప చూశాను. నాకు అర్థమైంది.

"ఎవురో పెట్టినారు! చిప్పలో పెట్టి తినమంటే తప్ప తినదు నా బిడ్డ!" అంటూ అక్క ఎదురింటి వైపు తిరిగింది.

ఎదురిల్లు ఆమె తోడికోడలిది. వారం కిందట ఈ కుక్క తరిమితే తోడికోడలి కోడిపిల్ల ఒకటి తొక్కిసలాటలో చచ్చింది. "ఒకరోజు దీని కూట్లో ఏదో ఒకటి కలిపి పెడతా, చూస్తా ఉండండి" అని ఆమె వీధంతా వినేటట్టు అరిచింది. ఆ మాట ఎవరూ మరిచిపోలేదు.

"నేను పెట్టలే" అంది తోడికోడలు, చేతిలో చేట అట్లాగే పట్టుకుని. "కోపంలో అనుంటా. అన్నోళ్ళంతా చేస్తారా?"

"నువ్వు జేస్తావు మే. నీ చూపే చెప్తా ఉండాది."

మాటలు పెరుగుతుంటే, కుక్కను గోనెపట్టా మీద వేసి బండిలో ఇందుకూరుపేట పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. బండి నేనే తోలాను. దారి పొడుగునా చెప్పేద్దామనుకుంటూనే ఉన్నాను. వెనక అక్క కుక్క తలను ఒడిలో పెట్టుకుని, "అయిపోయింది నాయనా, వచ్చేసినాం" అని దానితో మాట్లాడుతోంది.

డాక్టరు దాని కళ్ళు, చిగుళ్ళు చూశాడు. "ఏం తినింది? ఎప్పుడు తినింది? మిగిలింది ఏమన్నా తెచ్చినారా?"

"పొద్దున నేను పెట్టిన గంజన్నం సామీ. ఇంకేం తినిందో నాకు తెలీదు" అంది అక్క.

నేను పక్కనే ఎండుచేపల పాకలో పనిచేస్తానని అక్క చెబితే ఆయన నా వైపు చూశాడు. "పాకలో పని నీదే కదా. అక్కడ మందుపొడి ఏమన్నా వాడతారా?"

నేను ఎద్దు పలుపు సవరిస్తూ ఉండిపోయాను.

"ఎందుకు అడుగుతున్నానంటే," అన్నాడాయన ఓపికగా, "కుళ్ళిన చేప తినుంటే ఆముదం పట్టించి కడుపు కడిగేస్తాను. పురుగుల పొడి అయితే మాత్రం నూనె చుక్క కూడా పొయ్యకూడదు. నూనెలో కరిగి ఒంట్లోకి ఇంకా ఎక్కుతుంది. ఆలోచించి చెప్పు. పొడి ఏమన్నా ఉందా?"

"లేదు సార్. కుళ్ళిన చేప ఏదన్నా తినుంటుంది."

ఆ మాట ఇప్పటికీ నా గొంతులోనే వినిపిస్తుంది. డాక్టరు ఆముదం సీసా తెచ్చాడు. కుక్క నోరు తెరిచి పట్టుకోవడానికి సాయం అడిగితే పట్టుకున్నది నేను.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో దానికి మూర్ఛలు మొదలయ్యాయి. కాళ్ళు బండి పలకలకు టకటక కొట్టుకున్నాయి. ఊరు కనబడేలోపల ఆగిపోయాయి. నిజం చెప్పి ఉంటే బతికేదా అంటే, నాకు తెలియదు. బతికే అవకాశాన్ని ఆ ఒక్క మాటతో తీసేశానని మాత్రం తెలుసు.

డాక్టరు మమ్మల్ని పంపేముందు ఒక జాగ్రత్త చెప్పాడు. అది తిన్నదేదైనా మిగిలి ఉంటే ఇంకో జీవం ముట్టకుండా లోతుగా పాతిపెట్టమని. దాన్ని మాత్రం బుద్ధిగా పాటించాను. ఎవరూ చూడకుండా మిగిలిన చేపపొట్టునంతా ఇసుకలో పూడ్చి, చిప్ప పగలగొట్టాను. మంచిపనే, కానీ నేను చేసింది నన్ను కాపాడుకోవడానికి. పొడి చల్లిన మూటలు అప్పటికే సంతకు పోయాయి. వాటిని ఆపమని ఎవరికీ చెప్పలేదు. ఎవరు వండుకున్నారో, బాగా కడుక్కున్నారో లేదో నాకు తెలియదు.

మర్నాడు కులపెద్దలు కూర్చున్నారు. "ఇయ్యాల కుక్కకు పెట్టింది, రేపు మనిషికి పెడితే ఎట్టా?" అన్నాడు వాళ్ళలో ఒకాయన. తర్వాత నన్ను పిలిచి, "నువ్వు బయటోడివి, నీకు పక్షం లేదు. నువ్వేమన్నా చూసినావా అబ్బయా?" అని అడిగాడు.

"నేనేం చూడలేదు పెద్దాయనా."

తోడికోడలు నన్ను చూసి కొంచెం ఊపిరి పీల్చుకుంది. తనకు వ్యతిరేకంగా చెప్పలేదని నా మీద ఆమెకు మంచి అభిప్రాయం కలిగినట్టుంది. ఆమె ఇంటికి దురాయి వేశారు. నెల రోజులపాటు ఎవరూ వాళ్ళతో మాట్లాడకూడదు, నిప్పు ఇవ్వకూడదు, వాళ్ళ మగమనిషిని పడవ ఎక్కించుకోకూడదు. నెల తర్వాత దురాయి ఎత్తేశారు గానీ పేరు పోలేదు. ఆమె చేతి నీళ్ళు తాగేముందు జనం గ్లాసులోకి తొంగిచూసేవాళ్ళు. నేను ఆ ఏడాది చివర పని మానేసి నెల్లూరు చేరాను.

పోయిన సంవత్సరం మా ఇంటి కుక్క వాంతులు చేసుకుంది. నా భార్య అది తిన్న గిన్నె, మిగిలిన కూర మూతతో సహా డాక్టరు ముందు పెట్టి, "నిన్నటి కూర దీనికి పెట్టాను సార్, తప్పు నాదే. ఎనిమిది గంటలకు తినింది" అని చెప్పేసింది. అంత తేలికగా చెప్పడం చూసి నాకు అక్కడ నిలబడటం కష్టమైంది. కుక్క రెండు రోజుల్లో కోలుకుంది. మూడో రోజు నేను పల్లెకు బయలుదేరాను.

కుక్కను పెంచుకున్న అక్క అప్పటికే చనిపోయింది. ఆమెకు చెప్పుకునే దారి లేదు. తోడికోడలు నలుగురైదుగురు ఆడవాళ్ళతో ఇసుక మీద చేపలు తిరగేస్తోంది. పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"ఇదంతా నాకెందుకు చెప్తా ఉండావు?" అంది చివరికి. "నేను పెట్టలేదని నాకు తెలీదా? వాళ్ళకు చెప్పు."

నేను లేచి నిలబడ్డాను. మిగతా ఆడవాళ్ళు తలలెత్తి చూశారు.

"అమ్మా, అప్పట్లో కుక్క చచ్చిపోతే ఈ అక్కకు దురాయి వేసినారే, ఆమె ఏమీ పెట్టలేదు. పురుగుల పొడి పడిన చేపపొట్టు పెట్టింది నేను. పెట్టేటప్పుడు నాకు తెలీదు. డాక్టరు అడిగేటప్పుడు తెలుసు, పెద్దలు అడిగేటప్పుడూ తెలుసు. నా పని పోతుందని భయపడి ఈమె పేరు పోనిచ్చినాను. తప్పు నాది. నన్ను క్షమించక్కా."