తీసేది వచ్చు, పెట్టేది రాదు

1983లో ఆదోని బస్టాండు వెనక ఒక నర్సింగ్ హోంలో నేను థియేటర్ ఆయాని. ఆపరేషన్ సామాన్లు ఉడకబెట్టడం, రక్తం తుడవడం నా పని. అప్పటి మా చిన్న డాక్టరు ఇప్పుడు పట్నంలో కిడ్నీలు మార్చే పెద్ద సర్జన్. బోర్డు మీద ఆయన పేరు వెనక బారెడు డిగ్రీలున్నాయి. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అయినా కూడబలుక్కుని అన్నీ చదివాను. ఖాదర్ సాబ్ పేరు మాత్రం అందులో లేదు.

ఖాదర్ సాబ్‌ది ఎమ్మిగనూరులో మాంసం అంగడి. ఎడమ కిడ్నీలో రాయి అడ్డంపడి చీము పట్టింది. చలిజ్వరంతో మంచం అదిరేలా వణుకుతున్నాడు. నెఫ్రెక్టమీ చెయ్యాలి, అంటే ఆ కిడ్నీ తీసెయ్యాలి, ఆలస్యమైతే ప్రాణం దక్కదని డాక్టరు చెప్పాడు. సాబ్ ఒప్పుకోలేదు. తన అంగట్లో కార్జమైనా సరే, గిరాకీకి చూపించకుండా కత్తి పెట్టడట.

"సూపించి కొయ్యి. మంచిది అయితే మళ్ళా ఆడే పెట్టల్ల."

"పెట్టేది నాకు రాదు సాబ్."

"తీసేది నేర్సి, పెట్టేది నేర్సలేదా? సగం సదువుకే డాక్టరైనావా అప్పా?"

డాక్టరు ముఖం కందగడ్డ అయింది. మత్తులో ఉన్నవాడికి ఏం చూపిస్తామని నేను కసిరాను. తన బదులు భార్య ఖాసింబీ చూస్తుందన్నాడు. ఆమె అంగట్లో పేగులు కడిగే మనిషి. ఆమె ఊ అంటేనే తియ్యాలట. సాయంత్రానికి జ్వరం ఇంకా పెరిగింది. డాక్టరు దిగివచ్చాడు.

ఆమెకు గౌను తొడిగి, మాస్కు కట్టి, దేన్నీ ముట్టకుండా చేతులు వెనక్కి పెట్టించి నిలబెట్టాను. పడిపోతుందేమోనని పక్కనే ఉన్నాను. ఆమె పండ్లబండి దగ్గర బేరానికి నిలబడ్డట్టు మెడ చాచింది. డాక్టరు పెట్టిన కోత లోపల కిడ్నీ చీముసంచిలా ఉబ్బి ఉంది.

"ఇది పోయిందప్పా" అంది. డాక్టరు క్లాంపు అందుకున్నాడు, అది రక్తనాళాన్ని బిగించే పట్టకారు. "ఉండు. రెండోది గూడా సూపించు."

"అది అవతలి పక్క ఉందమ్మా. దానికి ఇంకో కోత పెట్టాల."

ఆమె చాచిన మెడ వెనక్కి తీసుకుంది. "అట్లయితే ఒద్దులే. తియ్యి."

తెలివి వచ్చాక సాబ్ డాక్టరు వైపు చూడనైనా లేదు. భార్యను అడిగాడు. "మన అంగట్లో అయితే కుక్కకు గూడా ఎయ్యం" అందామె. ఆయన నిమ్మళంగా కళ్ళు మూసుకున్నాడు.

ఆ మరుసటేడు డాక్టరు మద్రాసుకు చదువుకు పోతుంటే, ఇంకా ఏం చదువని అడిగాను. "మిగిలిన సగం" అన్నాడు.

చాలా ఏళ్ళకు పాత నర్సింగ్ హోంలో మమ్మల్ని చూడవచ్చినప్పుడు, కోసే ముందు ఇంటివాళ్ళకు బొమ్మ గీసి చూపిస్తానని చెప్పాడు. భయపడ్డ మనిషి మొండివాడు కాదట, చూపిస్తే ఒప్పుకుంటాడట. నేనూ సాబ్ ఆపరేషన్ నాటినుంచి ఎవరినీ కసరలేదు. ఇద్దరం ఎమ్మిగనూరు పోయాం.

"పెట్టేది నేర్చుకున్నా సాబ్" అన్నాడు డాక్టరు.

సాబ్ మొద్దు మీద కత్తి ఆపలేదు. "ఇప్పుడు నేర్సి ఏం లాభమప్పా? నాదాన్ని అప్పుడే పారేస్తివి గదా."