చచ్చిందా, చంపారా?

మా సారు పురుగుల్ని చంపే బూజుల మీద పరిశోధన చేసేవారు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తూ, స్కూటరు వెనక కూర్చుని ఎన్ని చేలు తిరిగానో! గట్టు మీద చచ్చిన పురుగు కనబడితే చాలు, "చచ్చిందా, చంపారా?" అని రైతుని అడిగేవారు. మందుతో చంపింది ఆయనకి పనికిరాదు. బూజు పట్టి చచ్చిందే కావాలి. జవాబు వచ్చేదాకా చేతిలో స్కూటరు తాళాలు గలగలమంటూనే ఉండేవి.

ఒక ఏడు పిఠాపురం దగ్గర ఒక రైతు వరిచేనుకి, మొదళ్ళ రసం పీల్చేసే సుడిదోమ పట్టింది. కొన్ని దోమల మీద తెల్లబూజు చూసి సారు పొంగిపోయారు.

"నాలుగు రోజులు మందు కొట్టకండి. బూజే చూసుకుంటుంది."

"మీరు చెబితే అంతేనండి."

ఆ నాలుగు రోజులూ సారు సగం అన్నంలోనే లేచిపోయేవారు. అయిదో రోజు వెళ్ళేసరికి చేను సుడులు సుడులుగా ఎండిపోయింది. రైతు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు.

మరుసటి ఏడు అతనే ల్యాబుకి వచ్చి సారుకి ఒక అగ్గిపెట్టె ఇచ్చాడు.

"చంపినవి కాదండి. బూజు పట్టి చచ్చినవే."

"అంత నష్టపోయాక ఈ ఏడు కూడా మందు కొట్టలేదా?"

"మీరు వద్దన్నారు కదండి."

సారు చేతిలో తాళాల చప్పుడు ఆగిపోయింది.