పది బీడీల దూరంలో దొన

మీరు ధర్మవరం వస్తే ఇంకేం చూసినా చూడకపోయినా మా వీధి నరసింహప్పను చూడకుండా పోవద్దు. పట్టుచీరలు ఎక్కడికీ పోవు, రేపైనా కొనుక్కోవచ్చు. నరసింహప్పే ఒకచోట నిలిచే మనిషి కాదు. తమాషా ఏమిటంటే, ఆయనది కదలకుండా కూర్చునే పని. గుంతమగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా తొక్కుతూనే ఉండాలి. తొమ్మిదో ఏట దిగాడు ఆ గుంతలోకి. నేను చెప్పబోయే డెబ్బై తొమ్మిదో సంవత్సరానికి ఆయనకు నలభై రెండు. రోజుకు నాలుగైదుసార్లు మగ్గం వదిలి మిద్దె ఎక్కేవాడు, ఉత్తరాన గద్దలకొండ వైపు చూసి దిగొచ్చేవాడు.

కొండ పిచ్చి పట్టించింది గొర్రెల హనుమంతరాయుడు. ఆ ఏడు దసరా వెళ్లాక నాలుగు వానలు గట్టిగా పడ్డాయి. ఒక సాయంత్రం అతను నరసింహప్ప గడప మీద కూర్చుని ఊరికే ఒక మాటన్నాడు.

"కొండమింద దొన నిండినాదన్నా. నీళ్లు కనపడకుండా తామరపూలు."

దొన అంటే కొండ నెత్తిన బండల నడుమ నిలిచే మడుగు. నరసింహప్ప చేతిలో అడ్డపోగు విసిరే నాడె ఆగిపోయింది. ముప్పై మూడేళ్లుగా చీర అంచుల్లో ఆయన నేసింది తామరలే. నాయన నేసినట్టు తనూ నేశాడు. నిజం తామరను ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. చూద్దామన్నా ఈ కరువు నేలలో ఎక్కడుంది? చిత్రావతి ఏట్లోనే ఇసుక.

"రేకులెన్నుంటాయిరా దానికి?"

"నేనేమన్నా ఎంచినానా. గొర్రెలు మేసేదాన్నే నేను చూసేది."

"నీళ్లు ఎన్నాళ్లుంటాయి?"

"కార్తీకం దాటితే బురద. పుష్యానికి ఉత్త బండ."

నరసింహప్ప వేళ్లు మడిచి లెక్కేశాడు. నేతగాడికి ఖాళీ దొరికేది ఒక్కటే రోజు. మూడు చీరలకు సరిపడా పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయాక, పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఆ పని చేసే ఓబమ్మ పొద్దంతా మగ్గంలో కూర్చుంటుంది కాబట్టి నేతగాడు ఆ ఒక్క రోజూ బయట. ఈసారి అది కార్తీకం చివర్లో వస్తుంది. ఆ తర్వాతది ఇంకో నలభై రోజులకు, అప్పటికి దొనలో బండే మిగులుతుంది. పోతే ఆ రోజే పోవాలి, లేకపోతే లేదు.

ఇంక ఆయనకు నిలకడ ఎక్కడిది? డిజైన్లు గీసే గళ్ల కాగితం ఒకటి తెచ్చి దారి గీయడం మొదలుపెట్టాడు. ఊరి నుంచి కొండ మొదలుకు నాలుగు మైళ్లు, అది అందరికీ తెలుసు. అక్కణ్ణుంచి పైకెంత?

"పది బీడీలు," అన్నాడు హనుమంతరాయుడు.

పది బీడీలంటే ఎంతసేపు? నరసింహప్ప బీడీ తాగడు. పట్టున్న ఇంట్లో నిప్పేమిటి? ఒక బీడీ అడుక్కొచ్చి, వాకిట్లో రాయి మీద వెలిగించి పెట్టి, గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆరింది.

ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ నాడెలో పెట్టే దారం కండెలు చుడుతూ చూస్తోంది. "బీడీ అంటే అగరొత్తి అనుకుంటివా ఏమయ్యా? పీల్చకపోతే అదెందుకు కాలుతాది?"

చివరికి హనుమంతరాయుణ్ణే పిలిచి తాగించాడు. ఎదురుగా గడియారం టిక్కుమంటుంటే అతనూ కంగారుగా గబగబా పీల్చాడు. ఎనిమిది నిమిషాలు. పదికి ఎనభై. కాగితం మీద పది గళ్లు రంగు వేశాడు. అయిదింటికి బయల్దేరడం, ఏడింటికి కొండ మొదలు, ఎనిమిదిన్నరకు దొన. రెండు గంటలు కూర్చున్నా మూడింటికి ఇల్లు.

"అయిదు దాటనీయకు," అంది సుబ్బలక్ష్మమ్మ. "ఓబక్క అతికినాక లాగేది ఎవరు?"

అదొక ముడి. అతికిన పోగులు మెలికలే, ముడులు కావు. వాటిని అదే సాయంత్రం ఇద్దరు చెరోవైపు నిలబడి దువ్వెన లాంటి అచ్చు పళ్ల సందుల్లోంచి మెల్లగా ఇవతలికి లాగెయ్యాలి. రాత్రికి వదిలేస్తే ఎలుక ఒక్కటి దూకినా ఓబమ్మ పొద్దంతా పడ్డ కష్టం తెగిపోతుంది. లాగడం ఆ ఇంట్లో ఎప్పుడూ నరసింహప్పదే.

"అయిదు లోపల వస్తా," అన్నాడు. ఆ నెలంతా రోజూ ఆ కాగితం చదివి వినిపించి ఆమె ప్రాణం తీశాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఓబమ్మ వేళ్లకు బూడిద రాసుకుని మగ్గంలోకి దిగింది, ఈయన కాగితం జేబులో పెట్టుకుని వీధిలోకి దిగాడు. కొండ మొదట్లో గొర్రెల మందతో కాచుకుని ఉన్న హనుమంతరాయుడు బీడీ వెలిగించాడు. నాలుగు దమ్ములు లాగి, ఆర్పి, చెవి మీద పెట్టుకున్నాడు.

నరసింహప్ప చెయ్యి జేబులోని కాగితం మీదికి పోయింది. "ఏమప్పా, పారేయవా?"

"సగం కూడా కాలేదు. ఎవురన్నా పారేస్తారా?"

"మరి ఆపొద్దు ఒక్క ఊపున తాగితివే?"

"నువ్వు గడియారం పెట్టి బెదిరిస్తివి కదన్నా."

ఒక్కో బీడీ మూడు విడతలు. నడుమ గొర్రెల్ని మళ్లించడం. పైగా నరసింహప్ప కాళ్లు తొక్కడం నేర్చినవే గాని ఎక్కడం నేర్చినవి కావు. పిక్కలు పట్టేశాయి. అయిదో బీడీకే పది దాటింది. ఎండ సరిగ్గా నెత్తిన ఉన్నప్పుడు హనుమంతరాయుడు చెవి మీది ముక్క తీసి చూపించాడు.

"ఇదీ, ఇంకొకటీ. అంతే."

నరసింహప్ప పైకి చూశాడు. రెండు బండల నడుమ ఆకాశం తప్ప ఏమీ లేదు. వెనక్కి చూశాడు. ఎక్కడో కింద ఊరు, అందులో తన మిద్దె, మిద్దె కింద మగ్గం, మగ్గంలో ఓబమ్మ.

"నేను పోతానప్పా," అన్నాడు.

"ఒకటిన్నర బీడీకి ఎనక్కి పోతావా?"

నరసింహప్ప అప్పటికే దిగుతున్నాడు. అయిదింటికి పది నిమిషాలుందనగా, పడుతూ లేస్తూ గడపలో అడుగుపెట్టాడు. లోపల ఓబమ్మ, సుబ్బలక్ష్మమ్మ గోడకానుకుని టీ తాగుతున్నారు. మగ్గం మీద కొత్త పడుగు బిగిసి ఉంది. పోగులన్నీ ఇవతలికి వచ్చేసి ఉన్నాయి.

"ఎవురు లాగినారు?"

"మేమే," అంది ఓబమ్మ. "నాలుగిండ్లలో ఆడోళ్లే లాగుతారు. నీ ఇంట్లోనే ఎవురూ అడగలే."

"ఒక్క పోగు తెగలే," అంది సుబ్బలక్ష్మమ్మ. "పూలు చూస్తివా?"

ఆయన గోడ వైపు తిరిగి చొక్కా విప్పుకున్నాడు.

ఆమెకు అర్థమైంది. టీ గ్లాసు కింద పెట్టి అంది. "రేపు నువ్వు మగ్గం కాడ కూచో. రేపటికి కండెలు చుట్టిపెట్టినా. నేనూ ఓబక్కా పోయొస్తాం. నెలదినాలుగా నువ్వు చెప్పేది విని విని చెవులు బొక్కలు పడినాయి. అదేందో నేనూ చూడాల."

మర్నాడు ఇద్దరూ తెల్లవారకముందే పోయారు. రోజూ బిందెలతో మూడు మైళ్లు నడిచే కాళ్లు వాళ్లవి. నరసింహప్ప పది పోగులు నేసి మిద్దె ఎక్కేవాడు, దిగి ఇంకో పది. ఆ రోజు నేసిన గుడ్డ జానెడు ఉంటే ఎక్కువ. రెండుంబావుకు సుబ్బలక్ష్మమ్మ వచ్చి, చేతిలోని చెంబు మగ్గం గట్టు మీద పెట్టింది. అంచులదాకా నీళ్లు.

"ఎన్ని బీడీలు పట్టినాది?" అన్నాడు, ఏమడగాలో తెలియక.

"బీడీలెవురు ఎంచినారు, నడిస్తిమి. తాగు, తియ్యగుండాయి."

"పూలుండాయా?"

"ఉండాయి. నీ అంచులో మాదిరి లేవు."

"ఎట్లుండాయి మరి?"

ఆమె చేతులు రెండూ దగ్గరికి తెచ్చి ఏదో చూపించబోయి, ఆపేసింది. "చెప్పేదానికి రాదు. పోయి చూసుకో."

పోవడం అంటే మగ్గం ఒక పూర్తి రోజు ఆపడం. ఆ ఇంట్లో చావుకు తప్ప అలా ఆపింది లేదు. నలభై రోజులు ఆగితే అక్కడుండేది బండ. నరసింహప్ప చెంబు నోటిదాకా తెచ్చాడు. దించాడు. ఆ గళ్ల కాగితం తీసి చెంబు మీద మూత పెట్టి, గుంతలో కాళ్లు పెట్టాడు. మళ్లీ కాళ్లు పైకి తీశాడు. చీకటి పడేదాకా అదే వరస.

నేనైతే ఆయన తర్వాత ఏం చేశాడో చెప్పను, మీరు వచ్చినప్పుడు ఆయన్నే అడగండి. ముందు ఇది చెప్పండి. మీరైతే ఆ నీళ్లు తాగేసి నేతలో కూర్చునేవాళ్లా, చెంబు మూత తియ్యకుండానే తెల్లారి కొండ దారి పట్టేవాళ్లా?