కాటుక పెట్టిన తుపాకీ

ఆసిఫాబాద్ రామేశ్వర్‌రావుకు ఉన్నది ఒక్కటే పిచ్చి. మూతపడే వస్తువేది కనిపించినా కాటుక పూసి, సందుందేమో చూడాల్సిందే.

తాతల నాటి రెండు గొట్టాల తుపాకీతో అంటుకుంది ఈ జబ్బు. దాన్ని నడుం దగ్గర విరిచి, తూటాలు పెట్టి మూస్తారు. మూసినప్పుడు ఇనుముకు ఇనుము అంతటా సమంగా తగలాలి. ఆయన అక్కడ కాటుక రాసి, మూసి, మళ్లీ తెరిచి చూస్తాడు. చెరిగిందా, తగిలినట్టు. చెరగలేదా, "సందున్నదే రుక్మా!" అని ఇల్లెగిరిపోయే కేక.

"ఉండదా మరి? అది పేల్చితే అరిగిందా? మీరు తెరిసి మూసి అరగ్గొట్టిండ్రు," అని భార్య రుక్మాబాయి విసుక్కుంటుంది. ఆ కాటుక కూడా ఆమెదే.

తుపాకీ తర్వాత కుక్కర్ మూత, ఫ్రిజ్ తలుపు, మడత కుర్చీ కీళ్లు. ఆ తుపాకీ పేలగా విన్నవాళ్లు వీధిలో లేరు గానీ, మసి అంటనివాళ్లూ లేరు. పక్కింటి హనుమండ్లు తెల్లచొక్కాతో ఆ గడప తొక్కడం మానేసి చాలా కాలమైంది.

అందుకే రుక్మాబాయి తన కొత్త కట్టుడు పళ్లు చిగురులో పొడుస్తున్నా నోరు మెదపలేదు. చెబితే మొగుడు కాటుక భరిణె పట్టుకొని వస్తాడు! కానీ మనవరాలు మధులిక నిశ్చితార్థం రానే వచ్చింది. మగపెళ్లివారు తెచ్చే సకినాలు వాళ్ల ముందే కొరికి, బాగున్నాయనాలి. లేకపోతే అలుగుతారు. ఆమెకు అదే బెంగ.

బెల్లంపల్లి నుంచి మగపెళ్లివారు కారు దిగారు. "రండ్రి, రండ్రి!" అని రుక్మాబాయి నోరారా నవ్వింది. పెళ్లికొడుకు తల్లి నవత ఒక అడుగు వెనక్కి వేసింది.

మధులిక పరుగున వచ్చి చెవిలో చెప్పింది. "అమ్మమ్మా, నీ నోరంత మసి!"

రుక్మాబాయి విసవిసా లోపలికి పోయింది. "మీకేం పుట్టింది? నా పండ్లకు సుత కాటుక పెట్టిండ్రా? ఇజ్జత్ తీసిండ్రు గదా!" అని అరిచి, పళ్లు తీసి ఆయన చేతిలో కొట్టింది.

రామేశ్వర్‌రావు వాటిని తీరిగ్గా కిటికీ వెలుగుకు పెట్టాడు. "ఇగో, ఈడ చెరిగింది. గీడనే పొడుస్తున్నది. నెల సంది రొట్టె పప్పుల నానవెట్టుకొని మింగుతున్నవ్. నేను చూస్తలేననుకున్నవా? అడిగితే ఇయ్యవు. అందుకే పొద్దుగాల నువ్వు పెట్టుకోకముందే పూసిన."

తుపాకీకి వాడే సన్నటి ఆకురాయితో ఆ చోటు మెల్లగా రుద్ది, కడిగి ఇచ్చాడు. రుక్మాబాయి పెట్టుకొని పళ్లు బిగించి చూసింది. పొడవలేదు. తయారుగా ఉన్న తిట్టు ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.

హాల్లోకొచ్చి, నవత భయంభయంగా చాపిన పళ్లెంలోంచి అన్నిటికన్నా మందమైన సకినం ఏరుకొని కొరికింది. కటుక్కుమంది.

"సందు లేదు!" అని లోపలి నుంచి కేక వినిపించింది.

"మస్తున్నయి నవతా," అంది రుక్మాబాయి, ఇంకొకటి అందుకుంటూ. అప్పుడే పెళ్లికొడుకు తండ్రి మడత కుర్చీలోంచి లేచాడు. ఆయన తెల్ల పంచె వెనక రెండు నల్లటి మచ్చలు. మొగుణ్ణి తిట్టడానికి నోరు తెరిచిన రుక్మాబాయి, పళ్లన్నీ కనపడేలా నవ్వేసింది.