మామయ్య కొట్టిన పాస్‌వర్డ్

వాకాడులో పరుపుల హనీఫా అంటే మా మామయ్యే. ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఇంటి వైఫై పాస్‌వర్డ్ మరిచిపోయారని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన పాస్‌వర్డ్ మరిచిపోయారా, లేక ఆయనకే ఏమైనా అయిందా? అది తేలాలి, తొందరగా తేలాలి. కానీ మా ఇంట్లో జబ్బుల సంగతి నేనెత్తితే ఎవరూ నమ్మరు.

తప్పు వాళ్ళది కాదు. నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. ఏ జబ్బు ఎలా మొదలవుతుందో చదివిన దగ్గర్నుంచి నాకు ధైర్యానికి బదులు భయం పెరిగింది. మెహక్ పుట్టాక అది ఇంకా ముదిరింది. పాపకు పది నెలలు. ఒళ్ళు కాస్త వెచ్చగా అనిపిస్తే థర్మామీటరు తీస్తాను. రెండుసార్లు ఏమీ లేకుండానే నెల్లూరు దాకా తీసుకుపోయి, డాక్టరు చేత నవ్వించుకొని తిరిగి వచ్చాను. "మా కోడలికి తుమ్మితే నెల్లూరు, దగ్గితే మద్రాసు" అని మామయ్య అంగడికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంటారు.

మామయ్య వాళ్ళ నాయన భుజాన విల్లు వేసుకొని కోట, వాకాడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, ఇళ్ళ ముందు కూర్చొని దూది ఏకినవాడు. మామయ్య కాలానికి మిషను వచ్చింది. ఇంటి ముందుగదినే అంగడి చేసుకున్నారు. ఫోము పరుపులు వచ్చాక పెళ్ళి బేరాలు పోయాయి. పాత పరుపులు విప్పి, దూది ఏకి, కొత్త గుడ్డలో నింపి కుట్టే పని మిగిలింది. ఆయన నింపిన పరుపును ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిరినా ఒక్క గడ్డ తగలదు. అత్తమ్మ నాగూర్‌బీ పెళ్ళయిన నాటి నుంచి ఆయన పక్కన కూర్చొని అంచులు కుడుతూ వచ్చింది.

మా వీధి ఊరి చివర, సముద్రం వైపు. డాబా ఎక్కితే తప్ప ఫోను సిగ్నలు రాదు. నేను పిల్లలకు ఆన్‌లైన్లో సైన్సు ట్యూషన్లు చెబుతాను కాబట్టి వైఫై పెట్టించాం. మొదట్లో వీధిలో ఒకరికి పాస్‌వర్డ్ చెబితే, సాయంత్రానికల్లా ఇరవై మంది మా అరుగు మీద చేరారు. మామయ్య దాన్ని మార్చేసి, ఇక ఎవరికీ చెప్పనన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా. కన్నకొడుకైనా సరే, బేరానికి వచ్చిన మనిషైనా సరే, ఫోను ఆయన చేతికివ్వాలి. ఎడమ అరచేతిలో పెట్టుకొని, కొంచెం పక్కకు తిరిగి, కుడి బొటనవేలితో తానే కొట్టి ఇస్తారు. అరవై ఏళ్ళ వయసులో ఫోను మీదే ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్న మనిషికి అదొక దర్జా.

నా పాత ఫోనును మెహక్ నీళ్ళ బకెట్లో వేసింది. మా ఆయన పర్వేజ్ గూడూరు నుంచి కొత్తది తెచ్చాడు. ఆ మధ్యాహ్నం భోజనాలకు ముందు దాన్ని మామయ్యకిచ్చాను. ఆయన అప్పుడే కుట్టడం ముగించిన పరుపు మీద కూర్చొని ఉన్నారు. ఫోనును అరచేతిలోకి తీసుకోకుండా పరుపు మీద పెట్టి కొట్టారు. కాసేపటికి కనెక్ట్ బటన్ నొక్కుడు పడడం లేదన్నారు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంతే.

మరిచిపోయావని ఒప్పుకోమన్నాడు పర్వేజ్, నవ్వుతూ.

"నేను మరిచిపోలా. కొడతానే ఉండా. ఫోనే తీసుకోవడంలా" అన్నారు మామయ్య.

పెళ్ళాం పుట్టిన ఊరే మరిచిపోయే మనిషికి ఇదొక లెక్కా అంటూ అత్తమ్మ వంటింట్లోంచి ఎగతాళి చేసింది. పర్వేజ్ గుండుసూది తెచ్చాడు. వైఫై డబ్బా వెనక ఉన్న రంధ్రంలో పొడిస్తే అంతా మొదటికి వచ్చేస్తుందన్నాడు. వద్దన్నాను. అలా చేస్తే కేబులు వాళ్ళు పెట్టిన అమరికలు కూడా చెరిగిపోతాయి, వాళ్ళు వచ్చేదాకా నెట్టే ఉండదు. నేను ఫోను తీసుకొని, చుక్కలుగా కనిపిస్తున్న పాస్‌వర్డ్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కాను.

ఆరే అక్షరాలున్నాయి. ఎం, హెచ్, కె, ఎన్, ఓ, ఓ. పాస్‌వర్డ్ ఎనిమిది అక్షరాలకు తక్కువైతే బటన్ వెలగదు. ఇంతేనా మామా అని అడిగాను. అంతే, మొత్తం కొట్టినా అన్నారు. ఇంకొక్కసారి కొట్టమని పక్కనే కూర్చున్నాను. ఈసారి ఆయన దాచుకోలేదు, నేను ఆయనకు ఎడమవైపు కూర్చున్నాను. బొటనవేలు కీబోర్డు కుడి సగంలోనే తిరిగింది. మధ్యమధ్యలో ఒక్క క్షణం గాలిలో ఆగేది, ఏదో నొక్కినట్టే కదిలి, తర్వాతి అక్షరానికి పోయేది. ఎడమ సగంలోకి ఒక్కసారి కూడా రాలేదు.

వెంటనే ఎమ్మెస్సీలో ఒక క్లాసులో మాకు చూపించిన బొమ్మ గుర్తొచ్చింది. మెదడులో కుడివైపు రక్తం అందని రోగి గీసిన గడియారం అది. అంకెలన్నీ కుడివైపే కుక్కి ఉన్నాయి. ఎడమవైపంతా ఖాళీ. అలాంటి వాళ్ళకు మాట పోదు, నవ్వు పోదు. ఎడమవైపు ప్రపంచం ఉందన్న స్పృహ పోతుంది, పోయిందన్న సంగతి వాళ్ళకే తెలియదు.

అయినా నా భయాన్ని నేనే నమ్మలేకపోయాను. ఒకవేళ మామయ్య నిజంగానే మరిచిపోయి ఉంటే? అసలు పాస్‌వర్డ్ ఏమిటో తెలిస్తేనే ఏదైనా చెప్పగలను. పర్వేజ్ ఫోను వైఫైకి కలిసే ఉంది. అందులో సెట్టింగుల్లోకి పోయి, షేర్ అన్నచోట నొక్కి, వేలిముద్ర పెట్టమన్నాను. నాయన దాచుకున్నది దొంగతనంగా చూడడమేందని పర్వేజ్ నసిగాడు. ఆయన కళ్ళ ముందే చూద్దాం, పెట్టమన్నాను. నా గొంతు ఎలా ఉందో ఏమో, తను వేలు పెట్టాడు. నల్లచుక్కల క్యూఆర్ చదరం వచ్చింది. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో పాస్‌వర్డ్ ఉంది. పైకి చదివాను. మెహక్ పేరు, దాన్ని ఆనుకొని నాగూర్ అని అత్తమ్మ పేరు.

చేతులు తుడుచుకుంటూ వచ్చిన అత్తమ్మ అది విని ఎర్రబడింది. "సిగ్గు లేదు ముసలోడికి. ఇంతమంది ఫోన్లలో నా పేరు కొడతన్నాడా?" అంది. మామయ్య నవ్వారు. రెండు పెదవి కొసలూ సమంగానే కదిలాయి. అది చూసి నా భయం ఇంకా పెరిగింది. మూతి వంకర పోతే అందరూ నమ్మేవాళ్ళు.

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాను. మామయ్య కొట్టిన ఆరూ అసలు పాస్‌వర్డ్‌లో ఉన్నవే, అదే వరుసలో ఉన్నాయి. తప్పిపోయినవి ఇ, ఎ, ఎ, జి, ఆర్. ఒక్కొక్కటీ కీబోర్డు మీద వెతికాను. అన్నీ ఎడమ సగంలోవే. ఆయన ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు.

చెప్పాను. పాప వంతు అయిపోయింది, ఇప్పుడు నాయన మీద పడినావా అన్నాడు పర్వేజ్. మామయ్యను రెండు చేతులూ ముందుకు చాపి కళ్ళు మూసుకోమన్నాను. ఎడమ చెయ్యి నెమ్మదిగా ఒక బెత్తెడు కిందికి జారింది. ఆయన మాత్రం రెండూ ఎత్తే ఉంచానన్నారు. పొద్దుటి నుంచి వంగి కుట్టినాడు, చెయ్యి లాగుతుంది గదా అంది అత్తమ్మ. కళ్ళజోడు మార్చాలంది. అన్నం తిని పడుకుంటే సర్దుకుంటుందంది.

నడక కూడా చూద్దామని ఆయన్ను లేపి నిలబెట్టాను. అప్పుడు కనిపించింది పరుపు. దబ్బనంతో పైనుంచి కిందికి దారం దూర్చి, అక్కడక్కడా ముడి వేసి బిగిస్తారే, ఆ కుట్లు కుడి సగం నిండా వరుసగా ఉన్నాయి. ఎడమ సగంలో ఒక్కటీ లేదు. దూది బుస్సున పొంగి ఉంది. దారం కోసేసి, దబ్బనం డబ్బాలో పెట్టేసి ఉన్నారు.

"అత్తమ్మా, ఇది చూడండి" అన్నాను.

అత్తమ్మ మోకాళ్ళ మీద కూర్చొని పరుపును నిమిరింది. కుట్ల మీద నుంచి చెయ్యి ఎడమవైపుకు వచ్చి ఆగిపోయింది.

"ఏమయ్యా, ఈ పక్క ఎప్పుడు కుడతావు?"

"ఏ పక్క? అయిపోయింది గదా. సాయంత్రం పెంచలకృష్ణ వస్తే ఇచ్చెయ్."

అత్తమ్మ లేచి బురఖా తగిలించుకుంది. "పర్వేజూ, కారు పిలువు" అంది.

పక్కింటి వెంకటశేషమ్మక్క చేతిలో మెహక్‌ను పెట్టాను. పాలెప్పుడు, ఎంత, ఏవీ చెప్పకుండానే కారెక్కాను. దగ్గర్లో ఉంది కాబట్టి గూడూరులో చూపిద్దామంది అత్తమ్మ. స్కానింగు, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను రెండూ ఒకేచోట ఉండాలి, నెల్లూరే పోదామన్నాను. ఆ ఇంజెక్షను జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఆ తర్వాత ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ఇది నాకు తెలుసు. జబ్బు ఎప్పుడు మొదలైందో మాత్రం తెలియదు. దారంతా నేను దాని గురించే ఆలోచించాను. మామయ్య నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నారు, ఈసారి తుమ్మకుండానే నెల్లూరు తీసుకుపోతన్నావని. చిల్లకూరు దాటి హైవే ఎక్కాక చూస్తే ఆయన ఎడమకాలికి చెప్పు లేదు. ఇంటి దగ్గరే జారిపోయినట్టుంది. ఆయనకు తెలియలేదు. పర్వేజ్ కూడా అది చూశాడు. డ్రైవరును ఇంకాస్త తొందరగా పొమ్మన్నాడు.

స్కానింగులో రక్తస్రావం లేదన్నారు. గడ్డే అడ్డుపడి ఉంటుందంది డాక్టరమ్మ. ఆమెకు నా వయసే ఉంటుంది. ఇంజెక్షను ఇవ్వాలంటే ఒక్కటే తెలియాలంది. ఆయన చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?

తెల్లారి నమాజుకు లేచినప్పుడు బాగానే ఉన్నాడంది అత్తమ్మ. ఎనిమిదింటికి ఇడ్లీ తింటూ బాగా మాట్లాడాడన్నాడు పర్వేజ్. ఆ తర్వాత కూడా టీ తాగుతూ కబుర్లు చెప్పాడంది అత్తమ్మ.

"మాట్లాడితే సరిపోదమ్మా. ఇప్పుడు కూడా బాగానే మాట్లాడుతున్నారు కదా. ఎడమవైపు బాగుందని చెప్పగలిగిన టైము కావాలి" అంది డాక్టరమ్మ. "లేదంటే నిద్ర లేచినప్పటి నుంచే లెక్క వేసుకోవాలి. అలా అయితే టైము దాటిపోయినట్టే."

అప్పటికే రెండు దాటింది. మనిషి ఎడమవైపు బాగుందో లేదో ఇంట్లో ఎవరు చూస్తారు? ఎవరికి పడుతుంది? చెయ్యి చాపమని ఎవరూ అడగరు. గడియారం గీయమని ఎవరూ అడగరు. అడిగేది పాస్‌వర్డ్ కొట్టమని మాత్రమే.

పెంచలకృష్ణ. ఆ పరుపు ఆయనదే. పొద్దున గుడ్డ చూడడానికి వచ్చాడు. దాని ఫొటో తీసి, భార్యకు పంపి నచ్చిందో లేదో అడుగుతానన్నాడు. సిగ్నలు లేదు. నేను లోపల మెహక్‌కు నూనె రాస్తూ, ఫోను ఇట్టా ఇయ్యి అని మామయ్య అనడం విన్నాను. ఆ తర్వాతే కుట్లు మొదలుపెట్టారు.

పర్వేజ్ ఫోన్లోంచి చేశాను. ఆయన గూడూరు నిమ్మకాయల యార్డులో ఉన్నాడు. చుట్టూ వేలం పాటల కేకలు. రెండుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది.

"అన్నా, పొద్దున మామయ్య మీ ఫోన్లో వైఫై కొట్టినప్పుడు కలిసిందా?"

"కలిసిందమ్మా. ఒక్క దెబ్బకే కలిసింది. ఏం, పరుపు అయిందా?"

"మీరు ఫొటో పంపింది ఎన్నింటికో చూసి చెప్పండి."

ఆయన ఫోన్లో చూసి, "పదీ ఇరవై" అన్నాడు.

డాక్టరమ్మకు చెప్పాను. పదీ ఇరవైకి ఈయన పదకొండు అక్షరాలు తప్పులేకుండా కొట్టారు, అందులో ఐదు ఎడమవైపువి. మధ్యాహ్నం ఆ ఐదూ పడలేదు. రెండు ఫోన్లూ చూపించాను. ఆమె ఒక్క నిమిషం వాటిని చూసి, గోడ గడియారం చూసి, నర్సును పిలిచింది.

ఇంజెక్షను వల్ల కొందరికి మెదడులో రక్తస్రావం అవుతుందని, దానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలని చెప్పారు. పర్వేజ్ కాగితం పట్టుకొని నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు" అన్నాడు. పెళ్ళయ్యాక ఒంటి బాధల విషయంలో తను నన్ను అలా అడగడం అదే మొదటిసారి. నూటికి ఎంతమందికి అలా అవుతుందో నాకు తెలుసు. మా మామయ్య ఆ నూటిలో ఎవరో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ పాప కోసం పడ్డ భయాలన్నిటికీ ఎవరో ఒకరు పక్కన నిలబడి ఏమీ కాదులే అనేవాళ్ళు. ఇప్పుడు అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"పెట్టండి" అన్నాను.

ఆ తర్వాత చెయ్యడానికి మాకేమీ లేదు. మంచానికి కుడివైపు సెలైను స్టాండు, మానిటరు ఉన్నాయి. అత్తమ్మను ఎడమవైపు కూర్చోబెట్టారు. ఆమె ఆయన ఎడమ చెయ్యి పట్టుకునే ఉంది. ఆయన ముఖం మాత్రం ఎప్పుడూ కుడివైపున్న మా వైపే ఉంది. పరుపు ఇచ్చేశారా అని పర్వేజ్‌ను అడిగారు. పాపను ఎవరి దగ్గర వదిలావని నన్ను కోప్పడ్డారు. పక్కన చెయ్యి పట్టుకున్న మనిషిని ఒక్కసారీ పలకరించలేదు. నర్సు మాటిమాటికీ వచ్చి కళ్ళలో టార్చి వేసి, వేళ్ళు ఎత్తి ఎన్ని కనిపిస్తున్నాయని అడిగి పోతోంది. నేను మానిటరు మీద అంకెలు చూస్తూ నిలబడ్డాను. పర్వేజ్ బయటికి పోయి వచ్చి, మళ్ళీ పోయి వచ్చాడు. మేమిద్దరం కూర్చోలేదు.

కిటికీలో వెలుగు పల్చబడే వేళకు మామయ్య దిండు మీద తల కదిలించారు. కొంచెం కొంచెంగా, బరువైనదేదో తోస్తున్నట్టు, ముఖం ఎడమవైపుకు తిరిగింది. అత్తమ్మను చూశారు. ఆమె చేతిలో ఉన్న తన చేతిని చూశారు.

"ఏమ్మే, నువ్వెప్పుడొచ్చినావు?" అన్నారు.

అత్తమ్మ బురఖా అంచుతో ముఖం తుడుచుకుంది.

"ఇప్పుడేలే" అంది.