ఎదురుకాళ్ల అర్హత

ఈ రోజు నరసరావుపేటలోని మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి మెకానిక్ ఖాసిం గారు నడుం పట్టేసి వంగిపోయి వచ్చారు. పరీక్షించి, పక్కకు పడుకోబెట్టి వెన్ను మీద ఒక్క ఒత్తు ఒత్తాను. టక్కుమంది. ఆయన నిటారుగా లేచి నిలబడ్డారు.

వెన్నుపూస ఎక్కడికీ తప్పిపోలేదనీ, ఆ కుదుపుకి నరాలు మెదడుకు కొత్త కబురు పంపితే బిగిసిన కండరం కాసేపు వదులైందనీ, మళ్లీ పట్టకుండా వ్యాయామం చేయాలనీ బొమ్మ గీసి మరీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

"అదంతా సరేగానీ డాక్టరమ్మా, నువ్వు ఎదురుకాళ్లతో పుట్టావా ఏంది? అట్టా పుట్టినోళ్లు తంతేనే నడుం పట్టు వదిలిద్ది."

నాలుగున్నరేళ్లు చదివాను! ఉక్రోషం పట్టలేక అమ్మకు ఫోన్ చేసి, నేను ఎదురుకాళ్లతో పుట్టానా అని అడిగాను.

"అవునే, నీకు కాళ్లే ముందొచ్చినయ్. ఎవరు చెప్పారే?"

బోర్డు మీద డిగ్రీ పక్కన ఈ అర్హత కూడా రాయించమంటారా?