గుట్ట దిగిన చెన్నయ్య

దొనకొండ స్టేషన్లో నేను దిగేసరికి మిట్టమధ్యాహ్నం. వైశాఖ మాసం. వీపున మూట, భుజాన తుపాకి, నడుముకు నీళ్ళ సీసా. సీసాలో చుక్క లేదు. యుద్ధానికి పోయొచ్చాడంటే చాలు, బర్మా అడవుల సంగతి చెప్పమంటారు మా వీధివాళ్ళు. ఏం చేసేది! నాకు రాసిపెట్టిన యుద్ధం మా గిద్దలూరు రైలు లైను మీదే ఉంది. శిక్షణ ముగించుకుని ఇంటికొచ్చినవాణ్ని, పొద్దున ఇంట్లో సంగటి తిని, మధ్యాహ్నానికి డ్యూటీలో చేరిపోయాను. నవ్వేవాళ్ళు నవ్వండి.

అక్కడ విమానాలు దిగడానికి మైదానం వేస్తున్నారు. ఎర్రనేల, తుమ్మచెట్లు, కంకర కుప్పలు, వందల మంది కూలీలు. మా పని కాపలా. సముద్రం మీదుగా జపాన్ విమానాలు వస్తాయని ఆ రోజుల్లో మద్రాసుదాకా అందరికీ గుబులే. అందుకని మైదానానికి ఆవల గుట్ట మీద ఒక గుడిసె వేశారు. అందులో ఒక దుర్భిణి, ఒక టెలిఫోను, ఒక మనిషి. పొద్దున ఆరింటికి ఎక్కితే సాయంత్రం ఆరింటికి దిగాలి. గంటకోసారి కిందికి కబురు చెప్పాలి.

మా సుబేదారు కడప వైపు ఆయన. మనిషి ఎట్లాంటివాడో కనిపెట్టి పని అప్పగించాలనేది ఆయన పట్టుదల. చేరిన రోజే వరసలో నిలబెట్టి, ఇంటికాడ ఏం పని చేసేవాడివని ఒక్కొక్కరినీ అడిగాడు. మగ్గం నేసేవాణ్ని డేరాల మరమ్మతుకు, బండి తోలేవాణ్ని లారీల దగ్గరికి పంపాడు. నా వంతు వచ్చింది.

"దుకాణంలో కూర్చునేవాణ్ని సాబ్. వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడటమే పని."

"వసపిట్టవన్నమాట. టెలిఫోను డేరాకు పో."

నా పక్కన చెన్నయ్య. తర్లుపాడు దగ్గర పల్లె. ఆ ఏడు రోగమొచ్చి మంద మొత్తం పోతే పటాలంలో చేరాడు. పలకరిస్తే తప్ప పలకడు.

"గొర్లు కాసేవాణ్ని సాబ్."

సుబేదారు ముఖం వెలిగిపోయింది. "ఇంక ఆలోచించేదేముందప్పా! ఒంటరితనం అలవాటైన మనిషి. గుట్ట ఎక్కు."

మేమంతా తలలూపాం. చెన్నయ్య కూడా ఊపాడు.

మొదటి వారం సాఫీగా గడిచింది.

"గుట్ట నుంచి. ఏమీ లేదు."

"సరే."

తర్వాత గంట కాకముందే టెలిఫోను మోగడం మొదలైంది.

"అన్నా, మబ్బొకటి లేచింది."

"జపానోళ్ళ మబ్బు కాదులే, పెట్టెయ్."

"అన్నా, ఉడుమొకటి పోతాంది."

"పోనీలేవయ్యా!"

"అన్నం తిన్నావా అన్నా?"

నాకు నవ్వొచ్చేది. ఒకరోజు పొద్దున పదింటికి మాత్రం నవ్వు రాలేదు. "అన్నా! ఇమానం! తూరుపున!" అని అరిచాడు. సైరన్ మోగించాం. కూలీలు పారలు పారేసి కందకాల్లో దూకారు. ఒక ముసలామె పడి మోకాలు చీరుకుపోయింది. తీరా చూస్తే అది గద్ద. కొన్నాళ్ళకు మళ్ళీ అదే గోల, మళ్ళీ గద్దే.

సుబేదారు మండిపడ్డాడు. "ఇంకొక్కసారి గద్దను చూసినాడంటే పనికిరాడని రాసి ఇంటికి పంపిస్తా. ఈ మాటకు తిరుగు లేదు."

ఆ మధ్యాహ్నం నా డ్యూటీ ఇంకొకడికి అప్పగించి, నీళ్ళు తీసుకుని గుట్ట ఎక్కాను. చెన్నయ్య కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏందయ్యా నీ గద్దల గోల? నిన్ను ఇంటికి తోలేస్తాడంట."

నా చేతులు వదిలేశాడు. "ఏ మొగం పెట్టుకోని పోవాలన్నా? ఆడ కొట్టం ఖాళీగా ఉంటది. దాన్ని చూడలేకనే గదా వచ్చింది."

"మరి ఒక్కడివే ఉండటం నీకేమన్నా కొత్తా?"

"నేనెప్పుడు ఒక్కణ్ని ఉన్నానన్నా?" అన్నాడు, నేనేదో అన్యాయం మాట అన్నట్టు. "నా ఎంబడి నూరు జీవాలు ఉండె. తెల్లారినకాడి నుంచి మాపటిదాకా వాటితో చెప్తానే ఉంటి. అయి మాట్లాడకపోయినా ఇంటాయి గదా. ఈడ ఇనేటోళ్ళు లేరు. చూసీ చూసీ కండ్లల్లోనే ఏదో ఎగరతాంది. నువ్వు ఫోన్లో కసురుకుంటే పానం లేచొస్తాది."

గుట్ట దిగి నేరుగా సుబేదారు దగ్గరికి పోయాను.

"సాబ్, చెన్నయ్య రకం మనకు అర్థం కాలేదు. వాడు నాకంటే పెద్ద వసపిట్ట. కాకపోతే తిరిగి జవాబు చెప్పనివాళ్ళతోనే వాడికి మాట."

"జవాబు చెప్పనోళ్ళను నేను యాడి నుంచి తేవల్లప్పా?" అని కసిరాడాయన.

జ్వరం మందు క్వినైన్ కోసం సంతకం పెట్టించుకోవడానికి మా పటాలం కాంపౌండరు అక్కడే నిలబడి ఉన్నాడు. క్రైస్తవుల పల్లె మనిషి, మిషన్ ఆసుపత్రిలో పని నేర్చినవాడు. "నా జ్వరాల కొట్టం నిండా వాళ్ళే సాబ్," అన్నాడు. "కండ్లు తెరవరు, నోరు తెరవరు. ఈ మనిషిని నాకియ్యండి."

సుబేదారు క్వినైన్ కాగితం మీద సంతకం గీకాడు. "ఒక్క వారం. కుదరకపోతే రైలెక్కిస్తా."

కొట్టంలో చివరి మంచం మీద ఒక పంజాబీ లారీ డ్రైవరు ఉండేవాడు. జ్వరం తగ్గింది గానీ మనిషికి బతకాలని లేదు. గోడవైపు తిరిగి పడుకుని, గంజి పోస్తే పళ్ళు బిగబట్టేవాడు. చెన్నయ్య ఆ మంచం పక్కనే చేరాడు. మచ్చల గొర్రె కడుపుతో ఉన్నప్పుడు ఏం చేసిందీ, బొల్లి గొర్రె ఎవరి చేలో పడిందీ, ఎక్కడ గడ్డి తీపో, ఒకటే చెప్పడం. ఆ మనిషికి తెలుగు ముక్క రాదు.

"వానికి అర్థమైతాందా?" అని అడిగాను.

"గొర్లకు అర్థమైందా అన్నా?" అన్నాడు చెన్నయ్య.

వారం కాగానే సుబేదారు వచ్చాడు. పంజాబీ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు, చెన్నయ్య వీపు రుద్దుతున్నాడు. సుబేదారు గుమ్మంలోనే నిలబడి చూసి, "ఈడనే ఉండు" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొత్తవాళ్ళు వస్తే, ఏం పని చేసేవాడివని అడిగి ఊరుకోలేదు. ఆ పనిలో నీకేది బాగుండేదని కూడా అడిగేవాడు. గుట్ట మీదికి మా వంటవాడు పోయాడు. పదిమంది చుట్టూ చేరితే గరిటె విసిరేసేవాడు, పైకి ఎక్కాక సాధువైపోయాడు. మాకు కూరలు మాత్రం చెడిపోయాయి.

యుద్ధం ముగిసింది. డేరాలు పీకేశారు. చెన్నయ్య కాంపౌండరు వెంట మిషన్ ఆసుపత్రికి పోయి, అక్కడే రోగుల దగ్గర పనిలో కుదిరాడు. నేను గిద్దలూరులో దిగి మళ్ళీ దుకాణంలో కూర్చున్నాను. శత్రువును చూశావా అని అడిగినవాళ్ళకు లేదనే చెప్పాను.

చూసింది ఒకటుంది. చెన్నయ్య కొట్టంలో చేరిన నాలుగో రోజో ఐదో రోజో. బయట ఎండ మండిపోతోంది. చెన్నయ్య ఒక చేత్తో గంజి గ్లాసు పట్టుకుని, గోడవైపు తిరిగిన వీపుకు కథ చెబుతున్నాడు. "అప్పుడా బొల్లిది ఏం చేసిందనుకున్నావ్..." అని, గొంతు ఎండిపోయిందో ఏమో, ఆగాడు. కొంతసేపటికి మంచం కిర్రుమంది. ఆ ఆరడుగుల మనిషి మెల్లగా ఇటు తిరిగి, చెన్నయ్య ముఖంలోకి చూశాడు. అతని గడ్డం కింద చెన్నయ్య చెయ్యి పెట్టగానే నోరు తెరిచాడు.